గీత ములగలేదు

ఏళ్ళ తరబడి నేను రోడ్ల డిపార్టుమెంటుకి దండం పెట్టుకున్నాను. ఉద్యోగం కోసమో కాంట్రాక్టు కోసమో అయితే దానికో అర్థం ఉండేది. నేను పెట్టుకున్నది పుణ్యం కోసం.

భీమునిపట్నంలో కాపురం, విశాఖపట్నం పోర్టులో గుమాస్తా ఉద్యోగం, రెంటికీ మధ్య బస్సు. ఆ దారిలో ఒక గెడ్డ ఉండేది. దాని పేరు రాయను. ఎందుకు రాయనో చదువుతుంటే మీకే తెలుస్తుంది. ఎండాకాలంలో మేకలు గిట్టలు తడవకుండా దాటిపోయేవి. వానాకాలంలో అదే గెడ్డ తాటిదుంగల్ని అగ్గిపుల్లల్లా మోసుకుపోయేది. వంతెన లేదప్పటికి. నీళ్ళు మీంచి పారిపోయే చప్టా ఒకటి, అంతే. ఆ చప్టా మొదట్లో, గద్దె మీద, ఎర్ర చీర కట్టుకుని పసుపు ముఖంతో అమ్మవారు. అక్కడికొచ్చేసరికి డ్రైవరు బండి నెమ్మది చేసేవాడు. బస్సు బస్సంతా చేతులు జోడించేది. నేను చెప్పుకోదగ్గ భక్తుణ్ణి కాను గాని, బస్సులో కూర్చున్నవాడి చేతులకి వేరే పనేముంటుంది? నేనూ జోడించేవాణ్ణి.

అలాంటి రోజుల్లో పాత ఊరి స్నేహితుడొకాయన నన్నడిగాడు.

"నువ్వు దినం ఆ దారంటే ఎల్తావు గదా బావా. గెడ్డకాడ రాయేదన్నా సూసేవా? నిలువుగా పాతినది. మీద గీత ఉంటాది."

నేను కళ్ళు మూసుకుని, దారంతా ఒకసారి మనసులో నడిచొచ్చి, చాలా బాధ్యతగా జవాబు చెప్పాను. అక్కడ రాయనేది ఏదీ లేదని, ఉన్నదల్లా అమ్మవారేనని.

ఆ మాట పట్టుకుని ఆయన ఆ రాయి కోసం గెడ్డ అడుగంతా కెలికాడు. వరదకి కొట్టుకుపోయి ఉంటుందని, సముద్రంలో కలిసే చోటు దాకా ఇసకలో పలుగు గుచ్చుకుంటూ పోయాడు. చదువుకున్నవాడు లేదన్నాడు కాబట్టి లేదనే నమ్మాడు పాపం.

ఆయన పోయి ఏడాది దాటింది. విశాఖపట్నం పాత ఊళ్ళో మోటారు విడిభాగాలమ్మే సాయిబుల కుటుంబం వాళ్ళది. అన్నదమ్ముల్లో ఈయన పెద్ద. కొట్టు మాత్రం తమ్ముళ్ళు చూసుకునేవారు. ఎందుకంటే కొట్టు చూసుకోవాలంటే ముందు కొట్లో కూర్చోవాలి. ఈయనకి కూర్చోవడం చేతకాదు. పెద్దాయనన్న మర్యాదకి గల్లాపెట్టె పక్కన ఒక కుర్చీ వేసి ఉంచారు. అందులో ఎప్పుడూ ఆయన తువ్వాలే కూర్చునేది. "ఆగితే తుప్పట్టిపోతాను బావా" అనేవాడు. టీ నిలబడి తాగేవాడు. మా ఇంట్లో భోంచేస్తే గిన్నె చేత్తో పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ తినేవాడు. మా ఆవిడ గరిటె పట్టుకుని ఆయన వెనకాల తిరిగేది. నన్ను బావా అని పిలిచాక ఆవిడ ఆయనకి చెల్లెలు కాక తప్పలేదు. అన్నయ్యగారూ అని, నాకు దాచిన ఊరగాయ ఆయనకి వడ్డించేది.

ఆయనకో మోటారుసైకిలుండేది. యుద్ధం నాటి మిలటరీ సరుకు. దాన్ని స్టార్ట్ చేయడం ఒక ఉద్యమం. కాబట్టి పొద్దున్నే ఒకసారి స్టార్ట్ చేస్తే మళ్ళీ ఇల్లు చేరేదాకా ఆపేవాడు కాదు. మా గేటు ముందు కాలు కిందపెట్టి, ఇంజన్ నడుస్తుండగానే మాట్లాడేవాడు. ఆయన అరిచేవాడు, నేను అరిచేవాణ్ణి. "సెల్లెమ్మకి ఒంట్లో బాగుందా" అని ఆయనడిగితే వీధిలోవాళ్ళకది తగాదాలా వినిపించేది. నా వాక్యం ఏనాడూ పూర్తి కాలేదు. సగంలో గేరు పడేది. మా స్నేహమంతా లెక్కేస్తే నా వంతుకి మిగిలేవి అసమాపక క్రియలే.

ఆయన పిచ్చి ఒకటే. మన వైపుకి మోటారు బళ్ళొచ్చిన కొత్తలో అవి ఏ రోడ్ల మీద నడిచాయి, ఎవరు నడిపారు, వాటి ఎముకలు ఇప్పుడెక్కడున్నాయి. పుస్తకాలు ముట్టేవాడు కాదు. "కాగితం ఎవుడు రాస్తే ఆడి మాటే సెప్తాది. ఇత్తడి అలక్కాదు" అనేవాడు. ఆయన పరిశోధనాలయాలు జనం వంటిళ్ళు. దాహమేస్తోందని ఏదో ఒక ఇంటి ముందాగి మంచినీళ్ళడిగేవాడు. నీళ్ళొచ్చేలోగా మెడ సాచి లోపలి సామానంతా చూసేవాడు. మంచినీళ్ళు తాగి ఇంత చరిత్ర పోగేసిన మనిషి ఇంకొకడుండడు. యారాడలో ఒక జాలరి ఇంట్లో కోళ్ళకి నూకలు పోసే చిప్ప, ఏ దొరగారి కారు దీపానిదో, వెలుగు ముందుకి తోసే పళ్ళెమని తేల్చాడు. పాత ఊళ్ళో ఒక పాన్‌షాపులో సున్నం పెట్టుకునే డబ్బా, కరెంటు దీపాలకి ముందు కార్లకి పెట్టే కార్బైడ్ దీపం అడుగుభాగమన్నాడు. వేళ్ళ కణుపులతో టకటకా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఆ తర్వాత వాసన చూసేవాడు. మూడో పనిగా బజారుకెళ్ళి అలాంటిదే కొత్తది కొనుక్కొచ్చి ఇచ్చి, పాతది పట్టుకుపోయేవాడు. ఇచ్చినవాళ్ళు, ఈయన మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనని తలుపేసుకునేవారు.

చరిత్రకారులు చాలామంది ఉన్నారు గాని కారు చరిత్ర తెలిసినవారు మీరొక్కరేనని ఓసారి అన్నాను. ఇంజన్ చప్పుడులో వినపడక మళ్ళీ చెప్పమన్నాడు. అలాంటి మాటలు రెండోసారి చెబితే చచ్చిపోతాయి. ఏమీ లేదన్నాను.

అప్పుడు ఊరు ఊరంతా తవ్వకాలే. అటు స్టీలు ప్లాంటు కోసం, ఇటు రోడ్లు వెడల్పు చేయడం కోసం. ఎర్ర దుమ్ములో లారీలు, లారీల వెనక లారీలు. ఎక్కడ పలుగు పడితే అక్కడికి ఈయన, వెనక సీటులో సెలవు పెట్టుకున్న నేను. కొత్త రోడ్డు వేసేవాళ్ళకి కిందనున్న పాత రోడ్డు కనపడదు. ఈయనకి పైనున్న కొత్త రోడ్డు కనపడేది కాదు. ఇద్దరం కలిసి పడిన గోతులన్నీ అలా పడినవే.

ఈ తిరుగుడంతా దేనికోసమో నాకు చాలాకాలం తెలియలేదు. పాత సామాన్ల సరదా అనుకున్నాను. అసలు సంగతి మా ఇంటి ఓనరు చెప్పగా తెలిసింది. చెప్పగా అంటే, నవ్వించగా.

మా ఓనరుగారిది భీమునిపట్నంలో పేరున్న ఇల్లు. ఆయన ముందుతరం వాళ్ళు విశాఖపట్నానికీ భీమిలికీ మధ్య మోటారు బస్సు తిప్పారట. బళ్ళు పోయినా ఆ దర్జా పోలేదు. ఎవరైనా పెద్దమనుషులు ఇంటికొస్తే సాయంత్రం వరండాలో కాఫీలు, కాఫీల తర్వాత బస్సు కథ. ఆయన పడకకుర్చీ చేతికి ఒక పాత ఇత్తడి హారను బిగించి ఉండేది, రబ్బరు బుడ్డి నొక్కితే మోగేది. ఆ బస్సుదే. అద్దెకున్నవాళ్ళం మేం కూడా అప్పుడప్పుడు శ్రోతలం.

కథ ఇది. వానాకాలం. బస్సు నిండా జనం. గెడ్డ పొంగింది. అక్కడ రోడ్ల డిపార్టుమెంటువాళ్ళు ఒక రాయి పాతి, దాని మీద ఎర్రగీత పెట్టారట. నీళ్ళు గీతని ముంచేస్తే బండి దింపకూడదని డ్రైవర్లకి తాఖీదు. డ్రైవరు సాయిబు. దిగి చూసొచ్చి, గీత కనిపిస్తోంది, ఫరవాలేదన్నాడట.

"గీత కనిపించిందిట. సాయిబు మావాళ్ళకి గీత చెప్పాడండీ" అని ఓనరుగారు ఆగేవారు. కాఫీ కప్పులు ఆగేవి. "చెప్పి, సీటెక్కి, గెడ్డ వైపు చూసి, తప్పుకోవే అని..."

హారను నొక్కేవారు. పోం.

జనం విరగబడి నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఓనరు కథకి అద్దెకున్నవాడు నవ్వకపోతే బాగుండదని నవ్వేవాణ్ణని చెప్పుకోవచ్చు గాని, నిజం చెప్పాలంటే ఆ పోం అనే చప్పుడు సరిగ్గా పడేచోట పడేది. నవ్వొచ్చేది.

తర్వాతెప్పుడో, ఆ డ్రైవరు మనవడు ఊళ్ళో ఇంకా తిరుగుతున్నాడని, మోటారుసైకిలు మీద నా గేటు ముందుకొచ్చి అరిచేవాడు ఆయనేనని ఓనరుగారే అన్నారు. "మీ దగ్గరికొచ్చే సాయిబు, బస్సు ముంచినవాడి మనవడే కదూ?"

నేను ఆయన్నడిగాను. అడిగినందుకు కోపం రాలేదు. వింతేమిటంటే, ఇంకా ముందే అడగనందుకు ఆశ్చర్యపోయాడు. పాత ఊళ్ళో ఆ ఇంటికి ఆనవాలే అదట. బస్సు ముంచీసినోళ్ళిల్లు అంటే రిక్షావాడు తిన్నగా తీసుకొచ్చి దింపుతాడట.

తాత ఆ రోజు ఈది బయటపడ్డాడు. చేతికందినవాళ్ళందర్నీ లాగాడు గాని ఇద్దరు పోయారు. మళ్ళీ జన్మలో స్టీరింగు పట్టుకోలేదు. కొట్లో మూలన కూర్చుని, ఎవరొచ్చినా గాజుగ్లాసులో నీళ్ళు పోసి, గ్లాసు మీద గోటితో గీత పెట్టి చూపించేవాడట, నీళ్ళు ఇదిగో ఇక్కడే ఉన్నాయి, గీత ఇదిగో ఇక్కడుంది అని. పోయేముందు రోజుల్లో వేరే మాటే లేదు. గీత ములగలేదు, గీత ములగలేదు.

"ఇంట్లో మావోళ్ళే నమ్మలేదు బావా. మతి పోయిందనుకున్నారు. నాను సిన్నోణ్ణి, నానూ నమ్మలేదు. గ్లాసు తీసుకుని నీళ్ళు తాగీసీవోణ్ణి. అదే మరి నన్ను ఒక్క సోట కూకోనీదు."

ఆ రాయి దొరికితే, ఆ గీత ఎంత ఎత్తులో ఉందో చూస్తే, తాత కళ్ళది తప్పో మరి దేనిదో తేలిపోతుందని ఆయన ఆశ. అప్పుడే నన్ను రాయి సంగతి అడగడం, నేను అమ్మవారి సంగతి చెప్పడం జరిగింది.

ఓనరుగారి దగ్గరున్న హారను సంగతి నేనే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మర్నాడే దిగబడ్డాడు. నన్ను తోడు రమ్మన్నాడు. కొత్త కారు హారనొకటి, ఎలక్ట్రిక్‌ది, పెట్టె కూడా విప్పనిది, పట్టుకొచ్చాడు. వరండా మెట్ల మీద నిలబడి, ఇది తీసుకుని అది ఇప్పించండి బాబుగారూ, మా తాత చేతులో ఉన్నది అదొక్కటే మిగిలిందని అడిగాడు. ఇంజన్ గేటు బయట నడుస్తూనే ఉంది.

ఓనరుగారు పడకకుర్చీలోంచి లేవలేదు. బుడ్డి మీద చెయ్యి వేసి, ఆయన ముఖంలోకి చూస్తూ ఒక్క నొక్కు నొక్కారు. పోం.

"ఏం సాయిబూ, ఈతకెళ్తున్నావా?"

వరండాలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. ఆ రోజు నా చెప్పుల్లో కొత్తగా చూడాల్సిందేమీ లేదు.

ఆయన మెట్లు దిగి, గేటు దాటాక మాత్రం నాకు హారను గురించి పాఠం చెప్పాడు. ఆయన బాధ ఎప్పుడూ అలాగే బయటికొచ్చేది, ఏదో ఒక మర తిప్పుతూ. "లోపల ఇత్తడి పీక ఉంటాది బావా, సిటికెనేలంత. బుడ్డి లాగీసి మెడ ఎడంపక్కకి తిప్పితే ఊడొచ్చీద్ది. గొంతంతా దాన్లోనే. ఇన్నేళ్ళయినా పాడైపోలేదు సూడు."

ఆ తర్వాత రెండు వానాకాలాలకి గెడ్డ మీద వంతెన మొదలైంది. చప్టా పగలగొట్టాలి, అమ్మవారిని కదపాలి. ఊరివాళ్ళు కంట్రాక్టరుతో గొడవపడి, కొత్త రోడ్డు పక్కన చిన్న గుడి కట్టించుకున్నారు. తల్లిని అక్కడికి తీసుకెళ్ళే రోజున ఆయన పొద్దున్నే మా గేటు ముందుకొచ్చాడు. తవ్వకమంటే చాలు, ఆయనకి అమ్మవారైనా ఒకటే, నీళ్ళ గొట్టమైనా ఒకటే. చప్టా రాళ్ళ కింద పాత రోడ్డు కంకర ఏ రకందో చూద్దామని బయల్దేరదీశాడు.

మేం వెళ్ళేసరికి డప్పులు మోగుతున్నాయి. గెడ్డలో మోకాలి లోతు నీళ్ళు పారుతున్నాయి. ఆడవాళ్ళు బిందెలతో వరసగా నిలబడ్డారు. తాపీవాళ్ళు గద్దె రాళ్ళు ఒక్కొక్కటీ విప్పదీశారు. తల్లిని చీర విప్పి పక్కకి తీసి పడుకోబెట్టి, పసుపునీళ్ళు పోసి కడిగారు. కొత్త చీర కట్టేలోపల, ఎన్నేళ్ళకో, ఆ రాయి రాయిలా కనిపించింది.

నిలువుగా చెక్కిన రాయి. ముఖం మీద అడ్డంగా, ఉలితో తీసిన లోతైన గీత. గీతలో పాత ఎర్రరంగు పెచ్చులు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆ గీతనే బొట్టనుకుని మొదట ఎవరో మొక్కారు, తర్వాత అందరూ మొక్కారు, చివరికి నేను మొక్కాను.

నేనాయన వైపు తిరిగాను, ఇదేనా అని. ఆయన గీత వైపు చూడటం లేదు. రాయి అడుగువైపు చూస్తున్నాడు. పై భాగమంతా నున్నగా చెక్కి ఉంది. కింది భాగం మొరటుగా, చెక్కకుండా వదిలేసి ఉంది. పాతిన రాయికి, చెక్కని భాగం భూమిలో ఉండాలి. ఇది ఇప్పటిదాకా గద్దెలో ఉంది. అంటే ఆ రాయిని దాని గోతిలోంచి పెకలించి, గద్దె ఎత్తున పైకి లేపి నిలబెట్టారు. రాయితోపాటు గీత కూడా లేచింది. నీళ్ళు మాత్రం ఎక్కడివక్కడే.

ఆయన గద్దె రాళ్ళ గుట్ట పక్కన నిలబడి, కూలకుండా మిగిలిన మూల ఎంత ఎత్తుందో తన కాలికి ఆనించి చూసుకున్నాడు. తొడ మధ్యకొచ్చింది.

ఆ గుడి పని చూసేది ఒక ముసలమ్మ. ముగ్గుబుట్టలాంటి తల, గలగలమనే నోరు. కొత్తవాళ్ళం కనపడేసరికి మాకు తల్లి మహత్యం చెప్పడానికి వచ్చింది. గద్దె ఎప్పుడు కట్టారని ఆయన అడిగాడు.

"మా అత్త కట్టించింది బాబూ. తల్లి ఏటా నీల్లల్లో నానిపోతంది, మనం సూస్తే అరుగుల మీద తొంగుంటన్నాం, ఇదేటి నాయమని ఊరంతా తిరిగి రాళ్ళడుక్కొచ్చి కట్టించింది. ఆ యేడు వానలకే బస్సు ములిగిపోనాది. మా మామ అందులోనే పోనాడు. కొత్త గద్దెక్కిన తల్లికి ఒక్క కాయన్నా కొట్టకండ దాటించీసేడు డ్రైవరు. తల్లికి కోపం రాదేటి మరి? మా అత్త బతికినన్నాళ్ళూ ఆడికి సాపనార్తాలు పెడతానే ఉండీది."

ఆమె కోపంగా చెప్పలేదు. ఇంటి కథ చెప్పినట్టు చెప్పింది, కొంచెం గొప్పగా కూడా. చెప్పి, మా ఇద్దరి చేతుల్లోనూ ప్రసాదం పెట్టి, తల్లికి చీర కట్టడానికి వెళ్ళిపోయింది.

మోటారుసైకిలు ఎప్పుడాగిపోయిందో తెలియదు. పెట్రోలైపోయిందో, వేడెక్కిందో. ఆయన గమనించలేదు. డప్పులు కూడా ఆగాక, ఆ నిశ్శబ్దంలో నాకు మొదటిసారి ఆయన మామూలు గొంతు వినిపించింది.

"తాత సూసింది నిజమే బావా. గీత ములగలేదు."

ఆ తర్వాత కొన్ని నెలలు ఆయన్ని పట్టడం నా వల్ల కాలేదు. అంతకుముందు ఆయనకి కాళ్ళు నిలిచేవి కావు. ఇప్పుడు మనసు కూడా తోడైంది. మొదటి వారమంతా సంబరం. పేపర్లో వేయిస్తానన్నాడు. బస్టాండులో బల్లెక్కి చెబుతానన్నాడు. రెండోవారం ముసలమ్మకి ముందు చెప్పడం ధర్మమన్నాడు. చెప్పడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆవిడ మజ్జిగిచ్చింది. తల్లి కొత్త గుడికి తలుపుల్లేవని, వానకి తడుస్తోందని చెప్పుకుంది. ఈయన మజ్జిగ తాగి, గ్లాసు కడిగిచ్చి, తిరిగొచ్చేశాడు. దారిలో బండాపి, నీకు నోరు లేదా, నువ్వెందుకు చెప్పలేదని నన్ను తిట్టాడు.

మళ్ళీ వెళ్ళాం. ఈసారి వానొచ్చింది. ఆవిడ గుడి ముందు గోనెపట్టా కడుతోంది. ఈయన వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు.

పొద్దున్నే వచ్చి చెప్పేద్దామనేవాడు, సరే, చెప్పండనేవాణ్ణి. సాయంత్రమొచ్చి వద్దనేవాడు, సరే, వద్దనేవాణ్ణి. "నీకో మాటంటూ లేదేటి బావా" అని విసుక్కునేవాడు. నిజానికి నాకు మాటలుండేవి. గేరు పడేది.

ఒకసారి మాత్రం గేరు వెయ్యలేదు. హేండిల్ మీద చేతులాన్చుకున్నాడు.

"సెప్తే మా తాత గెలుస్తాడు. సెప్పిన్నాడే ఆయమ్మ అత్త తన మొగుణ్ణి తానే సంపుకున్నదైపోద్ది. ఇద్దరూ పోయినోళ్ళే గదా. మరి బతికున్న నాకేటి ఈ పరుగు?"

ఆయన అడిగింది నన్ను కాదు.

చెప్పకుండానే పోయాడు. చివరిసారి నా ఎదటే ఓనరుగారి వరండా మెట్లెక్కాడు, మళ్ళీ హారను కోసం. మళ్ళీ పోం, మళ్ళీ ఈత మాట. ఆయన నోరు తెరిచాడు. వేడి టీ నోట్లో పోసుకున్నవాడు మింగలేక ఉమ్మలేక నిలబడ్డట్టు నిలబడ్డాడు. మింగేశాడు. ఆ మధ్యాహ్నమే కొట్లోకి వెళ్ళి, కుర్చీలో తువ్వాలు తీసి పక్కన పెట్టి కూర్చున్నాడట. అన్న కూర్చోవడం ఎప్పుడూ చూడని తమ్ముళ్ళు, ఎంత అలిసిపోయాడో అనుకుని పలకరించకుండా వదిలేశారట. సాయంత్రం టీ ఇవ్వబోతే తెలిసింది.

ఆ ముసలమ్మ కూడా ఈమధ్య కాలం చేసింది. మేం ఆ ఇల్లు ఖాళీ చేసి మధురవాడ వచ్చేశాం. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఇల్లు ఖాళీ చేయడానికి ముందు జరిగింది ఇంకొకటుంది. ఆయన్ని పాత ఊరి ఖబరస్తాన్‌లో ఉంచి వచ్చాక, మా ఆవిడ నీళ్ళు తోడుతూ, అన్నయ్యగారు ఒక్కసారైనా ఆయన్ని నాలుగు మాటలనేసి పోయుంటే బాగుండేదంది. ఎవర్నో చెప్పలేదు. గోడవతల హారను పరీక్షగా ఒకసారి మోగింది. ఆదివారం స్టీలు ప్లాంటు ఆఫీసర్లు కొందరు భోజనానికొస్తున్నారని పనిమనిషి చెప్పింది.

ఆదివారం పొద్దున్న ఓనరుగారు స్నానానికి లేచిన సమయం చూసి, పేపరు ఇచ్చే వంకతో వరండా ఎక్కాను. బుడ్డి లాగాను. మెడ ఎడంపక్కకి తిప్పాను. నా చేతులు ఇలాంటి పనులకి పుట్టినవి కావు. మెడకి బదులు హారనే మొదట నా వైపు తిరిగింది. చివరికి పీక చిటికెన వేలంత, పచ్చగా, నా అరచేతిలో పడింది. బుడ్డి మళ్ళీ తగిలించి, పేపరు మడత కూడా చెదరకుండా పెట్టి వచ్చాను.

భోజనాలయ్యాయి. కాఫీలొచ్చాయి. నన్నూ పిలిచారు. ఓనరుగారు ఆ రోజు మంచి ఊపులో ఉన్నారు. వాన, గెడ్డ, రాయి, సాయిబు. గీత చెప్పాడండీ అన్నారు. కప్పులాగాయి. "సీటెక్కి, గెడ్డ వైపు చూసి, తప్పుకోవే అని..."

నొక్కారు. ఫుస్ మని గాలి వచ్చింది.

మళ్ళీ నొక్కారు. మళ్ళీ గాలే. బుడ్డిని తిప్పి చూశారు. ఆఫీసర్లు నవ్వడానికి సిద్ధం చేసుకున్న ముఖాలతో కాసేపు ఓపిగ్గా కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన, మర్యాదస్తుడు, తర్వాతేమైందండీ అని అడిగాడు.

ఆ కథకి తర్వాతంటూ ఏనాడూ లేదు. ఓనరుగారు తడుముకున్నారు.

"ఏముంది. బస్సు మునిగింది."

"మరి జనం?"

"ఇద్దరు పోయారు."

"అయ్యో. ఎవరండీ?"

ఓనరుగారు హారను వైపు చూశారు, అదేమైనా చెబుతుందేమోనన్నట్టు. తెలియదన్నారు. కప్పులు ఒక్కొక్కటే బల్ల మీదికి చేరాయి. ఎవరో వాన గురించి మాట్లాడి, అది కూడా బాగుండదని మానేశారు.

పీక జేబులోంచి నా తొడకి గుచ్చుకుంటోంది. కొంచెం సర్దుకుని కూర్చుని, మిగిలిన కాఫీ నిదానంగా తాగాను.